చూరు పోయింది, గోడ మిగిలింది

రోహిణి కార్తె ఎండలు రోళ్లు పగలగొడుతున్నాయి. పొలంలో పెద్ద పని లేదు. మృగశిర రాకముందు చేసుకోదగ్గ పని ఒకటి చెప్తాను, ఓపిగ్గా చదవండి. పనిముట్ల గదిలో గోడకి పలక కట్టి సామానంతా దానికి తగిలించుకోవడం గురించి. నేను ఈ వేసవిలో కట్టాను.

పాత ఇళ్లలో ప్రతి వస్తువుకీ ఒక చోటుండేది, గుర్తుందా? పని కాగానే కొడవలి చూరులో గుచ్చేవాళ్లు. పగ్గాలు, చర్నాకోల చిలకకొయ్యకి. దీపం గూట్లో. విత్తనాల బుట్ట అటక మీద. పెరుగుకుండ ఉట్టి మీద. గొర్రు, కాడి కొట్టంలో దూలానికి వేలాడేవి. చీకట్లో చెయ్యి పెట్టినా కావలసిందే చేతికొచ్చేది. మన పెద్దోళ్లకి నేల కూర్చోడానికీ పడుకోడానికీ, గోడ సామానుకీ అని తెలుసు.

తర్వాత మనం స్లాబు ఇళ్లు కట్టుకున్నాం. మంచిదే, వానకి కారదు, నిప్పు భయం లేదు. కానీ స్లాబుకి చూరుండదు. రంగేసిన గోడకి చిలకకొయ్య కొట్టనివ్వరు. అటక, ఉట్టి ఎటూ పోయాయి. అటువైపు సామాను మాత్రం పదింతలైంది. ఎద్దులున్న రోజుల్లో పలుగు, పార, కొడవలి, గొడ్డలి అంతే. ఇప్పుడు బ్యాటరీ పంపు, తైవాన్ పంపు, డ్రిప్పు గొట్టాల చుట్టలు, మోటారు స్పానర్లు, ఫుట్‌వాల్వు, కేబుల్ వైరు, పట్టాలు, గోతాలు, మందు డబ్బాలు. ఇవన్నీ ఎక్కడున్నాయి? మీ గదిలోకి ఒకసారి వెళ్లి చూడండి. నేల మీద, ఒకదాని మీద ఒకటి.

కుప్పగా ఉంటే ఏమైంది, వెతుక్కుంటే దొరుకుద్ది కదా అంటారు. మూడు సంగతులు చెప్తాను.

మొదటిది పాము. నేల మీద గోతాలు, పట్టాలు కుప్పగా పడుంటే ఎలుక చేరుద్ది. ఎలుక కోసం పాము వచ్చుద్ది. కట్లపాము రాత్రిపూట తిరుగుద్ది, అది కరిస్తే నొప్పి కూడా పెద్దగా తెలీదు. రక్తపింజర కదలకుండా చుట్టుకుని పడుకుంటది, చెయ్యి పెట్టేదాకా కనపడదు. మా పక్క వీధిలో ఒకన్న మిర్చి కల్లంలో ఆరబోశాడు. రాత్రి పదింటికి ఉరుము వినపడింది. పట్టా కోసం పరిగెత్తి గదిలో కుప్పలోకి చెయ్యి పెట్టి లాగాడు. రక్తపింజర. పక్కనున్న కుర్రాళ్లు కోతలు, కట్లు లేకుండా చెయ్యి కదలనీయకుండా పట్టుకుని తిన్నగా పెద్దాసుపత్రికి తీసుకుపోయారు కాబట్టి మనిషి దక్కాడు. మిర్చి తడిసిపోయింది. అదే పట్టా గోడకి వేలాడుతూ ఉంటే రెండూ దక్కేవి.

రెండోది పంపు. వరిలోనో మొక్కజొన్నలోనో 2,4-డి కలుపుమందు కొట్టిన పంపుని సరిగ్గా కడగకుండా పత్తిలోకి తీసుకెళ్తే ఏమవుద్దో మీలో చాలామంది చూసే ఉంటారు. పత్తికి ఆ మందు అస్సలు పడదు. లేత ఆకులు సన్నగా చీలికల్లా అయిపోయి, ముడుచుకుపోయి, చెట్టు గిడసబారుద్ది. అది తెగులనుకుని పైన ఇంకో మందు కొట్టేవాళ్లు కూడా ఉన్నారు. రెండు పంపులూ ఒకే రంగు, ఒకే కంపెనీ. మూలన పక్కపక్కనే పడున్నాయి. తెల్లారగట్ట హడావుడిలో కూలికొచ్చిన పిల్లోడికి ఏది ఏదో ఎట్లా తెలుసుద్ది? వాడిదేం తప్పు లేదు. చోటు వేరుగా లేకపోవడమే తప్పు.

మూడోది విషం. దీని గురించి కింద విడిగా చెప్తాను.

ఇక పని ఎలా చెయ్యాలో చూద్దాం. సెల్లులో వీడియోలు చూస్తే అమెరికా వాళ్లు కార్ల షెడ్డులో గోడ నిండా గాళ్లు కొట్టిన తెల్ల పలకలు బిగించి, వాటికి కొక్కేలు తగిలించి అద్దంలా పెట్టుకుంటారు. చూడ్డానికి బాగుంటది. ఆ పలకలు ఎక్కువగా చెక్క పీచుని నొక్కి చేసినవి. నీళ్లు తగిలితే ఉబ్బిపోతాయి. మన రేకుల గదుల్లో వానాకాలం చెమ్మకి నిలబడవు. ఆలోచన వాళ్ల దగ్గర తీసుకుందాం, చెక్క మాత్రం మనకి సరిపోయేది తీసుకుందాం.

నేను వాడింది 18 ఎంఎం ప్లైవుడ్డు, 8 అడుగుల పొడుగు 4 అడుగుల వెడల్పు, ఒక నిండు షీటు. నీళ్లకి తట్టుకునే రకం అడగండి. దాని మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటది. ఐఎస్ 303 అని ఉన్నది మామూలు రకం, కొంచెం చౌక, చెమ్మలేని ఇంట్లోకి పర్వాలేదు. కొత్త షీటు కొనక్కర్లేదు అనుకునేవాళ్లు పాత ఇల్లు పడగొట్టినప్పటి తలుపు చెక్కలు, బల్లలు ఉంటే అవే వాడుకోండి. పాత టేకు తలుపు ఏ ప్లైవుడ్డుకీ తీసిపోదు.

ముందు గోడ చూసుకోవాలి. వానజల్లు కొట్టే గోడ వద్దు. చెమ్మ మచ్చలున్నది, ఉప్పు పొంగి రాలుతున్నది వద్దు. స్విచ్చు బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా రంధ్రం వెయ్యొద్దు, లోపల కరెంటు పైపు ఆ దారిలోనే పోయి ఉంటది. ఆ గోడ మీద వైర్లు ఎటు పోయాయో తెలీకపోతే కరెంటు పనివాణ్ణి అడిగి తెలుసుకున్నాకే డ్రిల్లు పట్టుకోండి.

షీటుని తిన్నగా గోడకి ఆనించి బిగించకూడదు. మధ్యలో గాలి ఆడకపోతే వెనక చెమ్మ పట్టుద్ది, చెదలు పట్టినా ముందుకి కనపడదు. అందుకని ముందు గోడకి రీపర్లు కొట్టాలి. రెండంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్నవి, 8 అడుగులవి మూడు. పైనొకటి, మధ్యనొకటి, కిందొకటి, అడ్డంగా. లెవెల్ కోసం యంత్రాలక్కర్లేదు, తాపీమేస్త్రి వాడే నీళ్ల గొట్టం చాలు. రెండు కొసల్లో నీళ్లు సమానంగా ఉన్నచోట పెన్సిలు గీత పెట్టుకోండి.

మా తమ్ముడి కొడుకు కరెంటు పని చేస్తాడు, డ్రిల్లు వాడిదే. 8 ఎంఎం బిట్టు, 8 ఎంఎం ప్లాస్టిక్ ప్లగ్గులు, మూడంగుళాల స్క్రూలు. మూడంగుళాలే ఎందుకంటే, అందులో రీపరు ఒక అంగుళం తినేసుద్ది. గోడ పైపూత అరంగుళం ఉంటది. ఆ పూతకి బరువు మోసే బలం లేదు. మిగిలిన ఒకటిన్నర అంగుళం ఇటుకలోకి దిగితేనే పట్టు. రంధ్రం గోడలోకి రెండున్నర అంగుళాలు ఉండేట్టు బిట్టుకి టేపు చుట్టుకుంటే లోతు తప్పదు. డ్రిల్లు వేసేటప్పుడు రాలే పొడి చూస్తుండండి. మొదట బూడిద రంగు వచ్చుద్ది, అది పూత. తర్వాత ఎర్రపొడి వస్తే ఇటుకలో పడ్డట్టే. ఎంతలోతు పోయినా బూడిద రంగే వస్తుంటే ఇటుకల సందులో పడింది, రెండంగుళాలు పక్కకి జరిపి వేసుకోండి. బూడిద ఇటుకతో కట్టిన గోడకి ఈ లెక్క పనికిరాదు, అక్కడ బిట్టు గట్టిగా ఆనుతుందా జారిపోతుందా అన్నదే గుర్తు. పొడి ఊదేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలి, కళ్లజోడు ఉంటే ఇంకా మంచిది.

ఒక్కో రీపరుకి రెండడుగులకొకటి చొప్పున ఐదు స్క్రూలు, మొత్తం పదిహేను. షీటు ఒక్కటే 35 కిలోల పైన తూగుద్ది, ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. షీటుని రీపర్లకి ఒకటిన్నర అంగుళం స్క్రూలతో బిగించాం. రీపర్లు ఎక్కడ పోయాయో షీటు ముందువైపు గీతలు గీసుకోండి. బరువు సామాను కొక్కేలు ఆ గీతల మీదే పడాలి, అప్పుడు స్క్రూ చెక్కా రీపరూ రెండూ కరుచుకుంటది.

బిగించకముందే రెండు పనులు చేసుకోవాలి. ఒకటి, షీటు వెనకవైపుకీ నాలుగు అంచులకీ రంగు వెయ్యాలి. ప్లైవుడ్డు నీళ్లు తాగేది అంచుల్లోంచే. రెండోది, షీటుని వాకిట్లో నేల మీద పరిచి, సామానంతా దాని మీద పేర్చి చూసుకోవాలి. పలుగు ఎంత చోటు తీసుకుంటది, పార పక్కన గొడ్డలి పడితే చెయ్యి పెట్టడానికి సందుందా, అన్నీ నేల మీదే తేలిపోతాయి. మాకు పూటంతా పట్టింది. గోడకెక్కాక మాత్రం ఒక్క కొక్కెం కూడా మార్చాల్సిన పని పడలేదు.

మట్టిగోడలున్న వాళ్లు ప్లగ్గులు కొట్టొద్దు, నిలవవు. డొల్ల సిమెంటు ఇటుకల గోడైనా అంతే, మామూలు ప్లగ్గు డొల్లలో తిరుగుద్ది. అలాంటి చోట రెండు గుంజలు నేల నుంచి పైన దూలం దాకా నిలబెట్టి, కిందా పైనా బిగించి, రీపర్లు వాటికి కొట్టుకోవాలి. గోడ మీద బరువే పడదు. రేకుల షెడ్డుకి ఇనప స్తంభాలుంటే వాటికి అడ్డపట్టీలు వెల్డింగు పెట్టించుకుని, వాటికి జాలీ కట్టుకున్నా సరే. రెండంగుళాల గళ్ల జీఐ వెల్డుమెష్ తెచ్చుకుంటే ఎస్ ఆకారం కొక్కేలు ఎక్కడ కావాలంటే అక్కడ తగిలించొచ్చు, చెదల బాధ కూడా లేదు.

ఇక కొక్కేలు. బజార్లో కొన్నవి రెండు మూడే. మిగతావి 8 ఎంఎం ఇనప చువ్వ ముక్కలు వెల్డింగు షాపులో వంచించాను. వాటికి స్క్రూలు పట్టే పట్టీ వెల్డింగు పెట్టించాను. కొస కొంచెం పైకి లేచి ఉండాలి, లేకపోతే సామాను జారుద్ది. వాటికి పాత సైకిలు ట్యూబు ముక్కలు తొడిగితే పట్టు బాగుంటది. పాత పీవీసీ పైపు జానెడు ముక్కలు కోసి నిలువుగా బిగిస్తే కొడవళ్లకి, స్క్రూడ్రైవర్లకి ఒరల్లా పనికొస్తాయి. కొడవలి పళ్లు ఎప్పుడూ గోడవైపే తిరిగి ఉండాలి.

కొక్కెం పొడుగు మీద ఒక మాట. నిండు బిందె ఒంటికి ఆనించుకుని మోస్తే తెలీదు. అదే బిందె చెయ్యి చాపి పట్టుకుంటే భుజం లాగేసుద్ది. కొక్కేనికీ అంతే. సామాను గోడకి ఎంత దగ్గరగా ఉంటే స్క్రూ మీద అంత లాగుడు తక్కువ. జానెడు పొడుగు కొక్కేనికి పలుగులూ సమ్మెటలూ వరసగా తగిలించొద్దు. బరువైనవి కింద, తేలికైనవి పైన. 16 లీటర్ల పంపు నీళ్లతో ఉంటే 20 కిలోల దాకా తూగుద్ది, ఖాళీ చేసి కడిగి, మూత తీసి, బోర్లించి ఆరాకే తగిలించాలి. బ్యాటరీ పంపుల్లో ఉండే పాత రకం సీసం బ్యాటరీని ఊరికే వదిలేస్తే దానంతటదే దిగిపోయి పాడైపోద్ది, సీజను లేకపోయినా నెలకోసారి చార్జింగు పెట్టాలి. అందుకని ఆ పంపు కొక్కెం ప్లగ్గు పాయింటు పక్కనే పెట్టాను. తైవాన్ పంపుని మాత్రం సీజను అయ్యాక పెట్రోలు తీసేసి తగిలించుకోండి.

కొక్కేల ఎత్తు దగ్గర మా ఇంటావిడ వచ్చి గోడ దగ్గర నిలబడి చెయ్యి పైకెత్తి, "ఏమండీ, నా చెయ్యి అందేదాకే మీ కొక్కేలు. ఆ పైన మీ సొంతం ఏమన్నా ఉంటే పెట్టుకోండి" అంది. ఆమె చేతి కొసన సుద్దగీత గీశాం. ఆలోచించండి, మన గదిలోకి రోజుకి పదిసార్లు వెళ్లేదెవరు? కలుపుకి వెళ్లేది, మొక్కలకి నీళ్లు కట్టేది, పశువులకి మేత కోసేది సగానికి సగం ఆడవాళ్లే. సామాను మాత్రం మగాడి ఎత్తుకి పెడతాం. ఇంటావిడా, కూలికొచ్చే అమ్మలూ నిచ్చెన లేకుండా తీసి, నిచ్చెన లేకుండా పెట్టగలిగితేనే ఏ వస్తువైనా తిరిగి దాని చోటికి వచ్చుద్ది. లేకపోతే మళ్లీ నేల మీదకే. గీత పైన మేం పెట్టింది ఏడాదికోసారి వాడేవే. షీటు కింది అంచు నేలకి రెండున్నర అడుగుల ఎత్తున ఉంది. ఆ కింద ఏమీ పెట్టం. చీపురు గోడ దాకా పోవాలి, ఎలుక దాక్కోడానికి చోటుండకూడదు.

తర్వాత ప్రతి వస్తువు చుట్టూ షీటు మీద రంగుతో బొమ్మ గీశాం. పలుగు తీస్తే పలుగు బొమ్మ కనపడుద్ది. చదువు రాని వాళ్లకి కూడా ఏది ఎక్కడ పెట్టాలో తెలుసుద్ది. కలుపుమందు పంపుకి ఎర్రరంగు పూసి, ఎర్రకొక్కెం, షీటుకి ఆ చివర. పురుగుమందు పంపు ఈ చివర. మధ్యలో ఏడడుగులు. ఇప్పుడు ఎవరొచ్చి తీసుకున్నా పొరబడే అవకాశం లేదు. ఎరువుల బస్తాలు ఈ గోడవైపు పెట్టొద్దు. పొటాష్ ఉప్పు లాంటిది, చెమ్మ పీల్చి ఇనప సామానుకి తుప్పు పట్టించుద్ది.

ఇప్పుడు విషం మాట. మందు డబ్బాలు ఈ పలక మీద పెట్టకూడదు. నేను కావాలనే పెట్టలేదు. పలక అంటే అందరి చేతికీ అందేది. మందు అందకూడదు. డబ్బా మీద ముక్కోణం గుర్తు చూడండి, ఎరుపు అన్నిటికన్నా ఎక్కువ విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, తర్వాత ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా అది మందే, మజ్జిగ కాదు. వీటికి తాళమేసే ఇనప పెట్టె వేరుగా ఉండాలి, తిండిగింజలకీ, విత్తనాలకీ, పశువుల దాణాకీ దూరంగా. పెట్టెలో పొడి మందులు పై అరలో, నీళ్ల మందులు కింది అరలో. కారినా కింద వాటి మీద పడకూడదు కదా. పెట్టె మన మొహం కంటే ఎత్తులో ఉండకూడదు, డబ్బా జారితే కళ్లలో పడుద్ది. మిగిలిన మందు కూల్‌డ్రింకు సీసాల్లో పొయ్యొద్దు, ఎవరి ఇంట్లోనైనా సరే పిల్లలుంటారు.

తాళంచెవి మా ఇంటావిడ దగ్గరుంటది. నాక్కావాలంటే అడిగి తీసుకుంటాను. ఎందుకో మీకు వివరంగా చెప్పక్కర్లేదు. ధర పడిపోయిన రోజు, అప్పులవాడు వచ్చి వెళ్లిన రాత్రి, ఇంట్లో మాటా మాటా పెరిగిన పూట, మన ఊళ్లలో ఆ డబ్బా చేతికందిన ఇళ్లు ఎన్నో మీకూ తెలుసు, నాకూ తెలుసు. తాళం కప్ప అన్ని కష్టాలూ ఆపుద్దని నేననను. కానీ తాళంచెవి అడగాలంటే ఒక మనిషితో మాట్లాడాలి. ఆ ఒక్క మాట చాలాసార్లు సరిపోద్ది.

ఖర్చు అడుగుతారు. ప్లైవుడ్డు ధర ఊరూరికీ తేడా, మీ దగ్గర కనుక్కోండి. నాకు చెక్క, రీపర్లు, స్క్రూలు, రంగు, వెల్డింగు అన్నీ కలిపి నా రెండెకరాల మిర్చికి రెండు తడవలు మందు కొట్టే ఖర్చంత కూడా కాలేదు. మందు ప్రతి ఏడూ కొట్టాలి, పలక ఒక్కసారే. అంత పెట్టలేని వాళ్లు షీటు మానేసి రెండు రీపర్లు, పది కొక్కేలతో మొదలుపెట్టండి. అదీ వద్దంటే ముందు పట్టా ఒక్కటి నేల మీద నుంచి లేపి గోడకి తగిలించండి. ఈ ఆదివారమే చెయ్యండి, వానలు మొదలైతే మనకి ఊపిరి సలపదు.

ఒక లాభం మాత్రం నేను లెక్కలో వేసుకోంది వచ్చింది. ఎవరైనా సామాను బదులు తీసుకెళ్తే, ఖాళీ బొమ్మలో సుద్దతో వాళ్ల పేరు రాస్తున్నాం. అడగాల్సిన పని లేదు, మొహమాటం లేదు. గదిలోకి వచ్చిన ప్రతివాళ్లూ చదువుతారు. పలుగు బొమ్మలో మా బావ పేరు రాసిన మూడో రోజు పలుగు ఇంటికొచ్చింది. దాంతోపాటు రెండేళ్ల కిందట తీసుకెళ్లిన మా పైపు రెంచీ కూడా వచ్చింది. అది మా బావ దగ్గరుందని నాకే తెలీదు. దానికిప్పుడు కొత్తగా ఒక కొక్కెం వంచించాలి.